మూడో గిన్నె

మా వదినని ఫ్యాక్టరీలో అందరూ త్రాసు అనేవారు. ఎదురుగా అనేవారు కాదు, అలాగని ఎగతాళిగానూ కాదు. పద్నాలుగేళ్ల పాటు టమాటా సాస్ రుచి చూసి, ఏ బ్యాచ్ డబ్బాల్లోకి వెళ్లాలో ఏది పారబొయ్యాలో చెప్పిన మనిషికి ఆ పేరు తక్కువే అంటాను. మిషన్లు లేక కాదు. ఉప్పెంతో పులుపెంతో మిషను అంకెల్లో చూపిస్తుంది. మాడు వాసన, పులిసిపోతున్న గుజ్జు వాసన మాత్రం ఏ మిషనూ పట్టుకోలేదు. దానికి మా వదిన కావాలి. ప్రతి బ్యాచ్ చీటీ మీద ముందు ఆవిడ సంతకం, దాని కింద క్వాలిటీ సారు సంతకం. సారు రుచి చూసేవారు కాదు. ఆవిడ సంతకం పడిందా లేదా అని మాత్రం చూసేవారు.

ఈ ఉద్యోగంలోకి ఆవిడ చదువుకుని రాలేదు. సీసాలు కడిగే పనిలో చేరింది. ఒకరోజు మోచేతుల దాకా నురగలో ఉండగానే, షెడ్డు ఆ చివర ఉడుకుతున్న తొట్టి గురించి "అది అడుగంటుతోంది, ఎవరైనా చూడండి" అందట. అక్కడ నిలబడ్డవాళ్లకే తెలియలేదు, నీకెలా తెలిసిందని నవ్వారట. కలియబెట్టి చూస్తే నిజంగానే అడుగు పట్టేసింది. ఆ మర్నాడే ఆవిణ్ణి రుచి చూసే గదికి మార్చారు. మా అన్నయ్య ఈ కథని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాడు. గ్యాస్ బండ తెచ్చినతనికి కూడా చెప్పాడు. పాపం అతను బండ భుజాన పెట్టుకునే విన్నాడు.

అలాంటి మనిషికి వారం రోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన రోజు పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో పెడితే, రెండు గుక్కలు తాగి, "ఇందులో కాఫీ పొడి వెయ్యడం మర్చిపోయావా?" అని నన్ను అడిగింది. ఇల్లంతా కాఫీ వాసన గుప్పుమంటోంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి వంటింట్లోకి వెళ్లి, ఇంగువ డబ్బా, సబ్బు, కిరసనాయిలు గుడ్డ, ఏది కనిపిస్తే అది ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఒక్కటీ తెలియలేదు.

ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాం. పోయిన వాసనా రుచీ నెలకి రావచ్చు, ఆరు నెలలకి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. అంటే నాకూ తెలీదు అని చెప్పడానికి ఫీజు తీసుకున్నాడన్నమాట. మా అన్నయ్యతో మాత్రం, వదినకి జలుబు ఇంకా తగ్గలేదని చెప్పాం.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నేను ఆ ఇంటి ఆడపడుచుని, వాళ్లతోనే ఉంటాను, అదే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ఉద్యోగం వేయించింది వదినే. తొట్టెల దగ్గర్నుంచి గిన్నెల్లో సాస్ పట్టుకుని రుచి చూసే గదిలో ఆవిడ ముందు పెట్టడం నా పని. ఏడాది చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. ఆవిడకి జ్వరం వచ్చేసరికి నాకు అయిదు నెలలే అయ్యాయి. అన్నయ్యది మోటార్ వైండింగ్ షాపు. వేసవిలో ఫ్యాన్లు కాలితే మాకు పండగ, లేకపోతే లేదు. ఇంట్లో నెల నెలా కచ్చితంగా వచ్చే జీతం వదినదే.

అందుకని ఉపాయం నేనే చెప్పాను. ఆవిడ చెప్పలేదు, ఆ మాట స్పష్టంగా రాస్తున్నాను. గిన్నె తెచ్చేటప్పుడు దారిలో నేను రుచి చూస్తాను. చెంచా కాడ కుడివైపుకి పెడితే ఉప్పెక్కువ. ఎడమవైపుకి పెడితే పులుపెక్కువ. ఆవిడ వైపు పెడితే అంతా సరిగ్గా ఉంది. చెంచా బోర్లిస్తే ఆ బ్యాచ్ పాడైంది, పనికిరాదు. ఆవిడ మామూలుగానే చెంచా నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపు ఆగి, చీటీ రాసేది. సారు కిటికీ లోంచి చూసి తృప్తిగా వెళ్లిపోయేవారు. నా నాలుక అంత మంచిదని నాకూ అప్పుడే తెలిసింది.

ఇంట్లో ఆవిడ చిన్న తూకం కొనుక్కుంది. కూరలో ఉప్పు తూచి వేసేది, కారం తూచి వేసేది. అన్నయ్య లొట్టలేసుకుంటూ, నీ చేతి వంట ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదన్నాడు. వదిన అతని పళ్లెంలో ఇంకో గరిటెడు వేసింది. తను మాత్రం తినడం తగ్గించేసింది. తడిసిన అట్ట నమిలినట్టుంది అనేది. కారం ఒక్కటి తెలిసేది. అది రుచి కాదు, మంట అని ఆవిడే చెప్పింది. ఒకసారి నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి వీధి గుమ్మం దాకా గ్యాస్ వాసన. వంటింట్లో ఆవిడ పొయ్యి పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. పిల్లలిద్దరూ ఆవిడ పక్కనే చదువుకుంటున్నారు. నేను పరిగెత్తి బండ కట్టేసి కిటికీలు తీశాను. ఆవిడ కత్తిపీట వదిలేసి పిల్లల తలలు వాసన చూడటం మొదలుపెట్టింది, ఏ వాసనా తెలియకపోయినా ఆ అలవాటు ఇంకా పోలేదు. ఆ రోజు నుంచి ఆవిడకి నిజం చెప్పెయ్యాలని పట్టుకుంది. నేను ఆపుతూ వచ్చాను.

ఇలా ఆరు నెలలు కావస్తుండగా అన్నయ్య ఒక కరపత్రం పట్టుకొచ్చాడు. స్టేడియం పక్క మైదానంలో ఫుడ్ ట్రక్కుల ఫెస్టివల్. నలభై ట్రక్కులు, ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా. అన్నయ్య ఆ కాగితం వెనకే ప్లాన్ గీశాడు. గేటు దగ్గర ఒక కార్డు కొనాలి, అందులో ఎంత వేస్తే అంతే ఖర్చు పెట్టాలి, మిగిలితే తిరిగివ్వరు. కాబట్టి తక్కువ వెయ్యాలి. తక్కువ వేస్తే కడుపులు నిండవు. కాబట్టి ఇంట్లో భోంచేసి బయల్దేరాలి.

"భోంచేసి తినడానికి వెళ్లడం ఏంటి నాన్నా?" అంది పెద్దది. దానికి పదకొండేళ్లు.

"మనం వెళ్లేది రుచి కోసం, కడుపు కోసం కాదు," అన్నాడు అన్నయ్య. "అయిదుగురికి అయిదు ప్లేట్లు. మీ అమ్మ ముందు ఒక ముక్క తింటుంది. బాగుందంటే అందరం తింటాం, బాగాలేదంటే ఇంకో ట్రక్కు దగ్గరికి పోతాం. మీ అమ్మ పక్కనుండగా మనకి ఒక్క ముద్ద వృథా పోదు."

వదిన వంటింట్లో ఏదో కడుగుతున్నట్టు కుళాయి తిప్పింది.

ఆదివారం పొద్దున్న పిల్లల బట్టలు ఇస్త్రీ చేస్తూ నన్ను పిలిచింది. "ఇవాళ మీ అన్నయ్యకి చెప్పేస్తాను," అంది.

"ఎక్కడ?"

"అక్కడే. జనంలో అయితే అరవలేరు."

"ఇంకొక్క నెల ఆగు వదినా. నా పర్మనెంట్ కాగితం చేతికి రానీ. నీ సంగతి బయటపడితే గిన్నెలు తెచ్చింది ఎవరని అడగరా?"

"నెలంటే నూట యాభై సంతకాలు," అందావిడ. "నాకు పెన్ను పట్టుకుంటే భయమేస్తోంది. మొన్న నువ్వు లేని రోజు ఎలా గడిచిందో నాకే తెలుసు."

నేను లేని రోజంటే పన్ను పీకించుకున్న రోజు. నాలుగు రోజులు దవడ పట్టుకుని ఓర్చుకున్నాను, అయిదో రోజు వల్ల కాలేదు. ఆవిడా సెలవడిగింది, సారు ఇవ్వలేదు. ఆ రోజు ఆరు బ్యాచ్‌లకి ఆవిడ రంగు చూసి, చిక్కదనం చూసి, మిషను అంకెలు చూసి సంతకం పెట్టింది. తర్వాత ఏ ఫిర్యాదూ రాలేదు. గండం గడిచిందనుకున్నాం.

"ఒక్క నెల," అన్నాను మళ్లీ. ఆవిడ చిన్నాడి చొక్కా కాలరు రెండోసారి ఇస్త్రీ చేసింది.

మైదానం చుట్టూ ఇనప కంచెలు పెట్టారు. గేటు దగ్గర మా నీళ్ల సీసాలు తీసి పక్కన పడేశారు. చేతుల మీద ముద్ర కొట్టారు. ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రానివ్వరట, లోపల కూడా కంచెల మధ్య ఒకే వైపుకి నడవాలట. అన్నయ్య కార్డులో తను అనుకున్న మొత్తమే వేశాడు. టికెట్ల అమ్మాయి "ఇంతేనా సార్?" అంది. "ఇంతే," అన్నాడు అన్నయ్య, ఆ అమ్మాయి తప్పు చేసినట్టు.

నలభై జనరేటర్లు ఒకేసారి మోగుతుంటే మనిషి మాట మనిషికి వినపడదు. మాడిన నూనె, పొగ, వెల్లుల్లి, కాలుతున్న రొట్టె, అన్నీ కలిసి మొహానికి కొడుతున్నాయి. కడుపునిండా తిని వెళ్లిన నాకే నోరూరింది. వదిన మాత్రం ఆస్పత్రి వరండాలో నడిచినట్టు నడుస్తోంది. నేను ఆవిణ్ణి అతుక్కునే ఉన్నాను. మొదటి ప్లేటు రాగానే, అన్నయ్య ఆవిడకి అందించే లోపలే ఒక ముక్క లాక్కుని నోట్లో వేసుకున్నాను.

"నీకంత ఆత్రమేంటే? ముందు వదిన," అన్నాడు అన్నయ్య.

"అత్తకి ఆగదు," అని పిల్లలిద్దరూ నవ్వారు. నేను ఆవిడ చెయ్యి నొక్కాను. ఒక నొక్కు అంటే బాగుందని. "బాగుంది," అంది వదిన. రెండో ట్రక్కు దగ్గరా అంతే, మూడో ట్రక్కు దగ్గరా అంతే. ఇరవయ్యారేళ్ల మనిషిని, పిల్లల ముందు తిండిపోతునని పేరు తెచ్చుకున్నాను. మధ్యలో రెండుసార్లు వదిన "ఏవండీ" అంది. రెండుసార్లూ నేనే అడ్డం పడ్డాను. ఒకసారి చిన్నాడికి బాత్రూం అన్నాను, వాడికి రాకపోయినా తీసుకెళ్లాను.

నాలుగో ట్రక్కు దగ్గర వరస చాలా పొడుగుంది. అన్నయ్య బుర్ర చురుగ్గా పనిచేసింది. "నువ్విక్కడ వరసలో నిలబడు. మేం ఈలోగా ఆ ఎదుటి ట్రక్కులో ఆలూ వేపుడు ముక్కలు తిని వచ్చేస్తాం, పిల్లలు అడుగుతున్నారు," అన్నాడు నాతో.

"నేనూ వస్తాను," అన్నాను.

"నీకో రెండు ముక్కలు ఉంచుతాలే," అని వాళ్లని తీసుకుపోయాడు.

దూరం నుంచి చూస్తూ నిలబడ్డాను. అట్ట ప్లేటులో వేడి ఆలూ ముక్కలు, పక్కన ఎర్రగా సాస్. వదిన ఒక ముక్క సాస్‌లో ముంచుకుని నమిలి తలూపింది. పిల్లలు మొదలుపెట్టారు. చిన్నాడు మొహం చిట్లించి ఏదో అన్నాడు. వదిన వంగి వాడికేదో చెప్పింది. వాడు తిన్నాడు. "అమ్మా, ఈ సాస్ అదోలా ఉంది" అన్నాడట వాడు. "బాగుంది నాన్నా, డబ్బు పెట్టి కొన్నాం, వదిలెయ్యకూడదు" అందట ఆవిడ. ఇది నాకు తర్వాత తెలిసింది. అన్నయ్య సాస్ తినడు, అడుగున మిగిలిన ఉత్తి ముక్కలు తిన్నాడు.

అంతలో మైకులో తెలిసిన గొంతు. "అదుగో, మా త్రాసు ఇక్కడే ఉంది."

మా క్వాలిటీ సారు. నెత్తిన కంపెనీ టోపీ, చేతిలో మైకు. ఆ ట్రక్కుకి మా ఫ్యాక్టరీ సాస్ సరఫరా ఉంది, ఆదివారం ప్రచారానికి సారుని పంపారు. ట్రక్కు పక్కనే చిన్న చెక్క అరుగు వేసి, కళ్లకి గంతలు కట్టి రుచి చెప్పించే పోటీ పెడుతున్నారు. గిన్నెలో ఏది ఎక్కువైందో చెప్పాలి. అప్పటిదాకా వచ్చినవాళ్లంతా తప్పే చెప్పారట.

"నాకలా పేరుందా?" అందట వదిన అన్నయ్యతో, మెల్లగా. పద్నాలుగేళ్లలో ఆ పేరు చెవినపడటం అదే మొదటిసారి.

నేను వరస వదిలేసి పరిగెత్తుకెళ్లాను. సారు అప్పటికే అన్నయ్యతో చేతులు కలుపుతున్నారు. కంపెనీవాళ్లకి బహుమతి ఇవ్వకూడదు కానీ, ఈవిడ ఒకసారి అందరికీ చేసి చూపిస్తే మీ కుటుంబానికి ఈ ట్రక్కులో కావలసినంత పెట్టిస్తాను అన్నారు. అన్నయ్య కార్డులో ఇంకొక్క ప్లేటుకి సరిపడానే మిగిలింది. అతని మొహం చూడాలి.

"నాకు తలనొప్పిగా ఉందండి," అంది వదిన.

"చెంచాడు సాస్ నాకడానికి తలనొప్పి అడ్డమేంటి? వెళ్లు."

"ఏవండీ, ముందు మీకో మాట చెప్పాలి. పక్కకి రండి."

"ఇంటికెళ్లాక చెబుదువులే. జనం చూస్తున్నారు."

నిజంగానే చూస్తున్నారు. కంచెల మధ్య ఒకే వైపుకి నడవాల్సిన జనమంతా అక్కడే ఆగిపోయారు. వెనక్కి వెళ్లడానికి దారి లేదు, ముందుకి వెళ్లాలంటే అరుగు పక్కనుంచే వెళ్లాలి. పెద్దది "మా అమ్మ, మా అమ్మ" అని ముందున్నవాళ్లకి చెబుతోంది. వదిన నా వైపు చూసింది. ఆ చూపులో సాయం చెయ్యమని లేదు, వదిలెయ్యమని ఉంది. అప్పుడు నాకు అర్థం కాలేదని చెప్పను.

"నేను తినిపిస్తాను సార్," అన్నాను. "ఫ్యాక్టరీలో కూడా గిన్నె అందించేది నేనే."

సారుకి ఆ మాట నచ్చింది. గంత నేనే కట్టాను. ముడి వేస్తూ ఆవిడ చెవిలో, "కుడి పెదవికి తగిలితే ఉప్పు, ఎడమకి తగిలితే పులుపు, మధ్యలో అయితే సరిగ్గా ఉన్నట్టు," అన్నాను. బోర్లించే చెంచాకి నోటి దగ్గర గుర్తేదీ పెట్టుకోలేదు. అవసరం పడుతుందనుకోలేదు.

మొదటి గిన్నె సారు ముందే కలిపి తెచ్చినదే. చెంచాతో తీస్తూ కొసన అంటింది వేలితో తీసి నాకాను. ఉప్పు. కుడి పెదవికి తాకించాను. ఆవిడ కాసేపాగి, "ఉప్పెక్కువ," అంది. చప్పట్లు. రెండో గిన్నె ఎడమ. "పులుపు," అంది. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా. అన్నయ్య నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేశాడు. అతనికి ఈల వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇక మూడోది," అన్నారు సారు మైకులో. "ఇది నేను కలిపింది కాదు. మేం మీకు అమ్మేది. మీ కళ్ల ముందే తెరుస్తాను." ట్రక్కు అరలోంచి పెద్ద డబ్బా దించి, నా ముందు పెట్టి, మూత కోసి, గిన్నెలోకి వంచి, మళ్లీ జనం వైపు తిరిగారు.

నాకు ముందు వాసన వచ్చింది. తీపి కింద దాక్కున్న వాసన. మూత సరిగ్గా పెట్టని డ్రమ్ములో రెండు మూడు రోజులు ఉండిపోయిన గుజ్జుది. చెంచా కొస నాలిక మీద పెట్టుకున్నాను, అనుమానం తీరిపోయింది. డబ్బా పక్కన తేదీ ముద్ర ఉంది. నా పన్ను పీకిన తేదీ. నా దవడ ఆ తేదీని మర్చిపోదు.

తలెత్తితే ఎదురుగా మా పిల్లలు. పెద్దది ఖాళీ అయిన అట్ట ప్లేటుని విసనకర్రలా ఊపుతోంది. చిన్నాడి చొక్కా మీద, పొద్దున్న రెండుసార్లు ఇస్త్రీ చేసిన కాలరు మీద, ఎర్రటి మరక. వాళ్ల వెనక ఇంకా ఎంతోమంది చేతుల్లో అవే ప్లేట్లు.

అంతా రెండు మూడు క్షణాలే. గుర్తు పెట్టుకోలేదన్నది వట్టి సాకు. ఆవిడ చెయ్యి గిల్లవచ్చు. చెంచా కింద పడెయ్యవచ్చు. నేనే సారుతో చెప్పవచ్చు, వాసన చూడండి అని. నాకు అప్పుడు తోచింది ఒక్కటే. ఇది బాగాలేదంటే చీటీ తీస్తారు, చీటీ మీద సంతకం చూస్తారు, ఆ సంతకం వెంట నా దగ్గరికి వస్తారు. ఇంకొక్క నెల.

చెంచా మధ్యలో పెట్టాను.

పెట్టాను కానీ నా చెయ్యి నా మాట వినలేదు. చెంచా ఆవిడ పళ్లకి టకటకా కొట్టుకుంది. ఆవిడ సాస్ మింగింది.

"చెప్పమ్మా," అన్నారు సారు.

ఆవిడ గంత తనే పైకి జరుపుకుంది. ముందు నా మొహం చూసింది, తర్వాత నా చేతిలో చెంచా, తర్వాత డబ్బా. తేదీ ముద్ర దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది. తర్వాత చిన్నాడి కాలరు చూసింది. ఆవిడ మొహంలో రంగు పోవడం నేను అంత దగ్గర నుంచి చూశాను.

"సార్, ఈ డబ్బా వాసన చూడండి," అంది.

సారు నవ్వుతూ వంగారు. లేచేటప్పుడు నవ్వు లేదు. మైకు పక్కకి తిప్పబోయారు కానీ వదిన ఆయన చెయ్యి పట్టుకుంది. పద్నాలుగేళ్లలో ఆయన ముందు ఒక్కసారీ కుర్చీలో కూర్చోలేదు ఆ మనిషి.

"ఎవరూ ఆ సాస్ తినకండి, పులిసిపోయింది," అంది మైకులో. "బాగుందని సంతకం పెట్టింది నేనే. నాకు ఆరు నెలలుగా రుచి తెలీదు. వాసనా తెలీదు."

ముందున్న ఒకాయన చేతిలో ప్లేటు కింద పెట్టేశాడు.

"మరి ఇప్పుడు రెండూ కరెక్టుగా ఎలా చెప్పావ్?" అన్నారు సారు, గొంతు తగ్గించి.

నేను చెంచా పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ఊహించాను," అంది వదిన. "ఉప్పో పులుపో ఏదో ఒకటే కదా సార్." నా వైపు చూడలేదు. అరుగు దిగి తిన్నగా పిల్లల దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, ఎంత తిన్నారు, ఎన్ని ముక్కలు, ఎంత సాస్ అని ఒక్కొక్కళ్లనీ అడిగింది. అన్నయ్య కార్డు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గేటు దాకా వెళ్లడానికి మిగిలిన ట్రక్కులన్నీ దాటుకుంటూ వెళ్లాలి. దారంతా జనం తప్పుకుని చోటిచ్చారు. మిగిలిన ప్లేటు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

పిల్లలు ఆ సాయంత్రం వాంతులు చేసుకున్నారు. చిన్నాడు రెండోరోజు కూడా నీరసంగా పడుకున్నాడు, మూడోరోజుకి లేచి తిరిగాడు. ఇంకెవరికీ పెద్ద ప్రమాదం జరగలేదు, ఫ్యాక్టరీ ఆ తేదీ డబ్బాలన్నీ వెనక్కి తెప్పించింది. వదినని వారం తిరక్కుండా తీసేశారు. సారుని ఇంకో చోటికి మార్చారు. గిన్నెలు తెచ్చే మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. గిన్నె తెచ్చేవాళ్లకి రుచితో పనేంటని అనుకుని ఉంటారు.

అన్నయ్య ఎనిమిది రోజులు ఆవిడతో మాట్లాడలేదు. జీతం పోయినందుకు కాదు, ఆ మాట నిజం. తొమ్మిదో రోజు అన్నం ముందు కూర్చుని, "ఊరందరికీ మైకులో చెప్పావు, నాకు ముందు చెప్పలేకపోయావా?" అన్నాడు.

"చెప్పబోయాను," అంది వదిన. "ఇంటికెళ్లాక చెప్పమన్నారు."

అన్నయ్య అన్నం కలుపుతూనే ఉన్నాడు. గ్యాస్ బండ అతను వస్తే ఇప్పుడు డబ్బులిచ్చి పంపేస్తాడు, కథలేం చెప్పడు.

రుచి చూసే గదిలో కుర్చీ ఖాళీ అయింది. కొత్త సారు మా అందరికీ పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరికి పది గిన్నెలు. నేను పదీ సరిగ్గా చెప్పాను. "మీ వదిన దగ్గర నేర్చుకున్నావా?" అని మెచ్చుకున్నారు. అవునన్నాను. పర్మనెంట్ కాగితం ఆ నెలాఖరుకే వచ్చింది, ఆవిడ తీసుకున్న దానికన్నా కాస్త ఎక్కువ జీతంతో. ఇప్పుడు చీటీల మీద సంతకం నాది. వదిన పుస్తకాల బైండింగు షాపులో కాగితాలు మడత పెడుతుంది. ఆవిడకి ఇంకా ఏ వాసనా రాలేదు.

చెంచాల సంగతి అన్నయ్యకి ఇప్పటికీ తెలీదు. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నా జీతంతో ఇల్లు నడుస్తోంది, ఇప్పుడు చెప్పి లాభమేంటి అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. ఇంకొక్క నెల పోనీ అనుకుంటాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం మేడ మీద ఆరిన బట్టలు మడత పెడుతున్నాం. ఆవిడ చేతులు ఇప్పుడు ఏది మడిచినా అంచుకి అంచు కలుస్తుంది. ఉన్నట్టుండి అడిగింది.

"ఆ డబ్బా మూత తీసినప్పుడే నీకు తెలిసింది కదూ?"

"తెలిసింది," అన్నాను.

"పిల్లలు తిన్నారనీ తెలుసు."

"తెలుసు."

ఆవిడ చిన్నాడి చొక్కా మడిచి బట్టల మీద పెట్టింది. ఇంకో చొక్కా తీసుకుంది. అది నాది, ఫ్యాక్టరీ యూనిఫాం. బొత్తాలన్నీ పెట్టి, చేతులు వెనక్కి మడిచి, నా చేతికిచ్చింది.

"రేపు నీది ఆరింటి షిఫ్టు కదా," అంది. "బాక్సులోకి ఏం చెయ్యమంటావ్?"